2, 4, 8 ఆట: ‘కాదు’ అనిపించుకోవడానికి మన పిల్లలు ఎందుకు జంకుతున్నారు?



ఈ నెల వ్యాసం చదివే ముందు ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఒక చిన్న ఆట ఆడదాం. నా మనసులో ఒక రూల్ ఉంది, అదేంటో మీకు చెప్పను. మీరు మూడు సంఖ్యలు వరసగా చెప్తే అవి ఆ రూల్‌కి సరిపోతాయో లేదో మాత్రం చెప్తాను. ఉదాహరణకి 2, 4, 8 సరిపోతాయి. ఇక మీ వంతు. మీకు నచ్చిన మూడు సంఖ్యలు చెప్పండి, నేను ‘అవును’ అనో ‘కాదు’ అనో అంటాను. ఎన్నిసార్లయినా అడగొచ్చు. టైమ్ లిమిట్ లేదు, మార్కులు కట్ అవ్వవు. రూల్ ఏంటో గట్టిగా తెలిసిపోయింది అనుకున్నప్పుడే జవాబు రాయండి.

కాగితం మీద నేను మీకు జవాబు ఇవ్వలేను కాబట్టి మా క్లాసులో ఏం జరిగిందో చెప్తాను. మీరు అడగబోయిన సంఖ్యలు కూడా ఇందులో ఉంటాయనే అనుకుంటున్నాను.

గురువారం ఆఖరి పీరియడ్. సెవెన్త్ క్లాస్. యూనిట్ టెస్ట్ అయిపోయిన మర్నాడు కాబట్టి కొత్త పాఠం మొదలుపెట్టినా ఎవరూ వినరని తెలుసు. అందుకే ఆన్‌లైన్‌లో దొరికే ఈ ఆటని డిజిటల్ బోర్డు మీద తెరిచాను. మూడు గడులు ఉంటాయి. సంఖ్యలు టైప్ చేసి బటన్ నొక్కితే ‘ఎస్’ లేదా ‘నో’ వస్తుంది. మొదటి అబ్బాయి 16, 32, 64 అన్నాడు. ఎస్. తర్వాత 3, 6, 12. ఎస్. 5, 10, 20. ఎస్. వెనక బెంచీ నుంచి 100, 200, 400. అదీ ఎస్. అప్పటికే ‘డబుల్ మేడమ్, డబుల్!’ అని ఒకటే గోల. ‘ఇంకాస్త చూసుకుందామా?’ అన్నాను. చూసుకున్నారు. 7, 14, 28. 50, 100, 200. 1000, 2000, 4000. ఒకమ్మాయి పొరపాటు రాకూడదని రఫ్ బుక్‌లో లెక్క వేసుకుని మరీ 37, 74, 148 చెప్పింది. మొత్తం ఎనిమిది ప్రయత్నాలు, ఎనిమిది ఎస్‌లు. చేతులెత్తమంటే క్లాసంతా ఎత్తింది. ‘ప్రతి సంఖ్యా ముందుదానికి రెట్టింపు’ అని జవాబు ఇచ్చాం.

తప్పు.

అసలు రూల్ ఇది: ప్రతి సంఖ్యా దాని ముందున్న సంఖ్య కంటే పెద్దదైతే చాలు. అంతే. 1, 2, 3 సరిపోతుంది. 5, 90, 91 సరిపోతుంది. మా పిల్లలు వాళ్ల రోల్ నంబర్లు వరసగా చెప్పినా సరిపోయేది.

‘ఇది చీటింగ్ మేడమ్’ అన్నారు. వాళ్ల కోపంలో కొంత న్యాయం ఉంది. 2, 4, 8 చూడగానే ఎవరికైనా రెట్టింపులే కనిపిస్తాయి, అలా కనిపించాలనే వాటిని ఎంచుకున్నారు. కానీ కంప్యూటర్ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అడిగిన ఎనిమిదింటికీ నిజమే చెప్పింది. మేం అడగనిది మాత్రం చెప్పలేదు.

‘సరే, ఏం అడిగి ఉంటే మన తప్పు బయటపడేది?’ అని మళ్లీ మొదటికి వచ్చాం. ఈసారి వేరేగా సాగింది. ఒకడు 8, 4, 2 అన్నాడు. నో. ఇంకొకరు 1, 2, 3 అన్నారు. ఎస్! రెట్టింపు ఊహ అక్కడికక్కడే కూలిపోయింది. ఇంతలో మా క్లాసులో అల్లరికి పెట్టింది పేరైన ఒకబ్బాయి, కేవలం కంప్యూటర్‌ని తికమక పెడదామని, -2, -4, -8 అన్నాడు. నో వచ్చింది. ‘అదేంటి, డబులే కదా!’ అన్నారు అందరూ. రెట్టింపే. కానీ -2 కంటే -4 చిన్నది, -4 కంటే -8 ఇంకా చిన్నది. అది ఇంటీజర్స్ పాఠం, మీ రోజుల్లో పూర్ణసంఖ్యలు అనేవారు. నేను వారం రోజులు నంబర్ లైన్ గీసి చెప్పినా కొందరికి ఎక్కని విషయం ఆ ఒక్క ‘నో’తో ఎక్కింది.

ఈ ఆట వెనక పెద్ద కథే ఉంది. 2015లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన వెబ్‌సైట్‌లో ఇదే 2, 4, 8 ఆటని పాఠకుల ముందు పెట్టింది. ఆడినవాళ్లలో నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ మంది ఒక్కసారి కూడా ‘నో’ వినకుండానే జవాబు చెప్పేశారని ఆ పత్రికే రాసింది. వాళ్లంతా పెద్దవాళ్లు, పేపర్ చదివే అలవాటున్నవాళ్లు. కాబట్టి మా సెవెన్త్ క్లాస్ పిల్లల్ని తక్కువగా చూడాల్సిన పని లేదు.

అసలు ఆట ఇంకా పాతది. 1960లో లండన్‌లో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 29 మంది కాలేజీ విద్యార్థులతో దీన్ని ఆడించారు. ఆయన ఇచ్చిన సంఖ్యలు 2, 4, 6. దాచిన రూల్ ఇదే, పెరుగుతూ పోయే మూడు సంఖ్యలు. ఒక్కొక్కరూ మూడేసి సంఖ్యలు కాగితం మీద రాయాలి, అవే ఎందుకు ఎంచుకున్నారో కూడా పక్కన రాయాలి. పూర్తిగా నమ్మకం కుదిరాకే రూల్ చెప్పాలి. అంత జాగ్రత్తగా చెప్పినా, ముందు తప్పు రూల్ ఏదీ చెప్పకుండా నేరుగా సరైన రూల్ పట్టుకున్నవాళ్లు ఆరుగురే. ఇంకో తమాషా ఏమిటంటే, ‘రెండేసి చొప్పున పెరుగుతాయి’ లాంటి జవాబు తప్పని తెలిశాక కూడా కొందరు అదే ఊహని మాటలు మార్చి చెప్పారు. ‘మధ్య సంఖ్య మిగతా రెండింటి సగటు’ అన్నట్టుగా. పదాలు మారాయి, ఊహ మారలేదు. ఇలా మనం నమ్మినదానికి సాక్ష్యాలే వెతుక్కునే అలవాటుని ఇప్పుడు కన్ఫర్మేషన్ బయస్ అంటున్నారు. ఆఫీసు ట్రైనింగుల్లో మీలో చాలామంది ఈ మాట వినే ఉంటారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఎనిమిది ఎస్‌లు ఎందుకు ఉపయోగపడలేదో చూద్దాం. పిల్లల ఊహ ‘రెట్టింపు’. అసలు రూల్ ‘పెరగడం’. సున్నా కంటే పెద్ద సంఖ్యలు ఏవి తీసుకున్నా, రెట్టింపు అవుతూ పోతే అవి పెరుగుతూనే ఉంటాయి. అంటే రెట్టింపు సంఖ్యలే అడిగినంత కాలం, వాళ్ల ఊహ నిజమైనా ఎస్సే వస్తుంది, అబద్ధమైనా ఎస్సే వస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఒకే జవాబు వచ్చే ప్రశ్న అడిగి ప్రయోజనం ఏముంది? ఎనిమిది కాదు, ఎనభై సార్లు అడిగినా తెలిసేది అంతే.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలంటారు మన ఇళ్లల్లో. ఆ మాట నిజమే, ఎందుకంటే మెతుకులన్నీ ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉడికాయి. మా పిల్లలు చేసింది మాత్రం గిన్నె అడుగున ఉన్న మెతుకులే ఎనిమిది పట్టుకుని చూసి, పైన కూడా ఉడికిపోయిందని తేల్చడం.

అలాగని ఈ పరీక్ష మనకి తెలియని విద్యేం కాదు. ఫ్యాన్ ఆగిపోతే ఏం చేస్తాం? కరెంటు పోయిందేమో అనుకుంటాం. వెంటనే పక్క గదిలో లైటు వేసి చూస్తాం, లేదా బాల్కనీలోకి వచ్చి ఎదురింట్లో వెలుగుందేమో చూస్తాం. లైటు వెలిగితే మన ఊహ తప్పు, తప్పు ఫ్యాన్‌దో రెగ్యులేటర్‌దో. అదీ మనల్ని ‘కాదు’ అనగలిగే పరీక్ష. చదువు రాని మా అమ్మమ్మ కూడా అలాగే చేసేది. అదే మనిషి కాగితం మీద సంఖ్యలు చూసేసరికి, లేదా క్లాసులో నలుగురి ముందు నిలబడేసరికి ఎందుకు వేరేలా ప్రవర్తిస్తారన్నది నాకు ఆసక్తి కలిగించిన ప్రశ్న.

దానికి ముందు ఒక జాగ్రత్త. ‘ఎస్ వచ్చేలా అడగడం ఎప్పుడూ తెలివితక్కువ పని’ అని పిల్లలకి నూరిపోయకండి. షికాగో యూనివర్సిటీలో జాషువా క్లేమన్, యంగ్ వాన్ హా అనే పరిశోధకులు 1987లో ఈ విషయాన్ని బాగా విడమరిచి చెప్పారు. దాచిన రూల్ మన ఊహ కంటే ఇరుకైనదైతే ఇదే పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఉదాహరణకి దాచిన రూల్ ‘రెట్టింపు అవ్వాలి, పైగా మూడూ సరిసంఖ్యలై ఉండాలి’ అనుకోండి. అప్పుడు పిల్లలు చెప్పిన 3, 6, 12 కే ‘నో’ వచ్చేది, దారి తెలిసిపోయేది. దాచిన రూల్ మన ఊహ కంటే వెడల్పైనదైతేనే ఎస్‌లు మనల్ని మోసం చేస్తాయి. చిక్కేమిటంటే అది ఇరుకో వెడల్పో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకే రెండు రకాలూ అడగాలి.

మ్యాథ్స్ టీచర్‌ని కాబట్టి ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. ఒక సంఖ్య తీసుకోండి, దాన్ని దానితోనే గుణించండి, మళ్లీ ఆ సంఖ్యనే కలపండి, చివర 41 కలపండి. 0 తీసుకుంటే 41 వస్తుంది. 1 తీసుకుంటే 43, 2 తీసుకుంటే 47, 3 కి 53, 4 కి 61. అన్నీ ప్రైమ్ నంబర్లే, అంటే 1 తోనూ వాటితోనూ తప్ప దేనితోనూ భాగింపబడవు. ఇలా 0 నుంచి 39 వరకు వరసగా నలభై సార్లు ప్రైమే వస్తుంది. ఇది 18వ శతాబ్దపు గణిత శాస్త్రవేత్త ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం. నలభై ఎస్‌లు! మా పిల్లలు ఎనిమిదికే చేతులెత్తారు. కానీ 40 తీసుకుంటే వచ్చేది 1681. అది 41 ని 41 తో గుణిస్తే వచ్చేది, ప్రైమ్ కాదు.

ఇంట్లో పెన్సిల్‌తో చేయదగ్గది ఇంకొకటి ఉంది. ఒక పెద్ద వృత్తం గీసి, దాని అంచు మీద రెండు చుక్కలు పెట్టి కలపండి. వృత్తం 2 ముక్కలవుతుంది. మూడు చుక్కలు పెట్టి ప్రతి చుక్కనీ మిగతా వాటితో కలిపితే 4 ముక్కలు. నాలుగు చుక్కలకి 8. ఐదింటికి 16. ఇప్పుడు ఆరు చుక్కలకి ఎన్నో గీయకుండానే చెప్పమని పిల్లల్ని అడగండి. 32 అంటారు. తర్వాత గీయించండి. మూడు గీతలు ఒకేచోట కలవకుండా, చుక్కలు కొంచెం అటూ ఇటూగా పెట్టాలి. ఓపికగా లెక్కపెడితే 31 వస్తాయి. మొదటిసారి నేనూ లెక్క తప్పాననుకుని రెండుసార్లు గీశాను.

ఈ మాట చెప్పగానే ఒక తండ్రి నన్ను అడిగారు: ‘మరి ఒలింపియాడ్‌లో 2, 4, 8 తర్వాత ఏంటని వస్తే ఏం రాయాలి మేడమ్?’ 16 అని రాయించండి. కీ లో అదే ఉంటుంది. కానీ 14 రాసిన పిల్లాడు ‘మధ్య తేడాలు 2, 4, తర్వాత 6 కదా’ అంటే, వాడు చెప్పింది కూడా సరైన రూలే. కీ తో సరిపోలేదు, అంతే. వాడిని ఇంట్లో తిట్టకండి. మేం కూడా స్కూల్లో తిట్టకుండా ఉండటం నేర్చుకుంటున్నాం.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. ఆట అయ్యాక పిల్లల్ని అడిగాను, ‘నో వచ్చినా ఏం పోదని ముందే చెప్పాను కదా, ఒక్కరైనా వేరేది ఎందుకు అడగలేదు?’ అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రఫ్ బుక్‌లో లెక్క వేసుకున్న అమ్మాయి అంది, ‘నో వస్తే అందరూ నవ్వుతారు మేడమ్.’ బోర్డు మీద ఎర్రగా కనిపించే ఆ ‘నో’, పిల్లలకి పేపర్ మీద ఎర్ర ఇంకు గీతలాగే కనిపిస్తుంది. వారం వారం టెస్టులు, నెగటివ్ మార్కింగ్, ర్యాంక్ లిస్టు, ఆ సాయంత్రమే మీ ఫోన్‌కి వచ్చే మార్కుల మెసేజ్. వీటి మధ్య పెరిగిన పిల్లకి ‘తప్పు అయ్యే అవకాశం ఉన్నది కావాలనే అడుగు’ అంటే వింతగానే ఉంటుంది. టెస్టులు వద్దని నేను అనడం లేదు. ఆ పేపర్లు దిద్దేది నేనే, వాటి వల్ల నాకు తెలిసేవీ ఉన్నాయి. కానీ టెస్టు అలవాటు చేసిన భయం, టెస్టు లేని చోటికి కూడా వస్తోంది.

దీనికి ఒక చిన్న ఉపాయం ఉందని 1980లోనే అమెరికాలో బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన రయన్ ట్వీనీ, ఆయన సహచరులు కనిపెట్టారు. వేసన్ ఆటనే ఆడించారు, ఒక్క మార్పుతో. ‘సరిపోయింది, సరిపోలేదు’ అనకుండా, ‘నా దగ్గర రెండు రూల్స్ ఉన్నాయి, ఒకటి డాక్స్, ఇంకోటి మెడ్. రెండూ కనిపెట్టండి’ అన్నారు. పెరిగే సంఖ్యలు డాక్స్, మిగతావన్నీ మెడ్. నిజానికి ఆట ఏమీ మారలేదు, పాత ‘కాదు’కే మెడ్ అని పేరు పెట్టారు. అంతమాత్రానికే మొదటి ప్రయత్నంలో సరైన జవాబు చెప్పినవాళ్లు సగం మందికి పైగా అయ్యారు. ‘కాదు’ అంటే ఓటమి అనిపిస్తుంది. మెడ్ అంటే, వెతకాల్సిన ఇంకో వస్తువు అనిపిస్తుంది.

మా క్లాసులో నేను డాక్స్, మెడ్ అనలేదు. రెండు ప్లాస్టిక్ ట్రేలు పెట్టి, ఒకదానికి మామిడి, ఇంకోదానికి జామ అని పేరు పెట్టాను. సంఖ్యలు రాసిన చీటీ ఇస్తే నేను ఏదో ఒక ట్రేలో వేస్తాను. జామ ట్రే ఖాళీగా ఉందని పిల్లలకే తోచింది. దాన్ని నింపడానికి పోటీపడ్డారు. నవ్వుతారని భయపడిన అమ్మాయే మొదటి జామ చీటీ వేయించింది.

ఇదంతా పిల్లల సంగతి అనుకుంటే పొరపాటు. ఈ ఆటలో అందరికంటే పెద్ద తప్పు చేసింది నేనే, అదీ ఆట బయట.

పోయిన సంవత్సరం నా క్లాసులో ఒక అబ్బాయి, ఆరో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి వచ్చాడు. సింపుల్ ఈక్వేషన్స్ పాఠంలో వర్డ్ ప్రాబ్లమ్స్ అన్నీ తప్పు చేసేవాడు. ‘బేసిక్స్ వీక్’ అని నేను తేల్చేసుకున్నాను. ఇంకో పది ఇచ్చాను, తప్పులే. ఇంకో ఇరవై ఇచ్చాను, ఎక్కువ తప్పులే. ప్రతి తప్పూ నా ఊహకి ఒక ‘ఎస్’. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల నాన్నగారితో ‘బాబుకి మ్యాథ్స్‌లో పునాది లేదండి’ అని చెప్పాను. ఆయన నెల తిరక్కుండా ట్యూషన్ పెట్టించారు. అక్కడ కూడా అవే లెక్కలు, అవే తప్పులు.

ఒకరోజు ప్రొజెక్టర్ పనిచేయలేదు. పుస్తకం లేకుండా లెక్కని నోటితో, మాటల్లో పడి తెలుగులో చెప్పేశాను: ‘ఒక సంఖ్య కంటే 5 తక్కువ ఎంత, ఎక్స్ పెట్టి రాయండి.’ అందరికంటే ముందు ఆ అబ్బాయే x-5 అన్నాడు. నాకు అనుమానం వచ్చి అదే లెక్కని ఇంగ్లీషులో, ‘ఫైవ్ లెస్ దేన్ ఎ నంబర్’ అని రాసి ఇచ్చాను. 5-x అని రాశాడు. ఆలోచిస్తే కారణం చాలా సులువు. ఇంగ్లీషు వాక్యంలో 5 ముందు వస్తుంది, సంఖ్య తర్వాత వస్తుంది. వాడు చదివిన వరసలోనే రాసుకుంటూ పోతున్నాడు. తెలుగులో సంఖ్య ముందు, 5 తర్వాత, కాబట్టి సరిగ్గా పడుతోంది. వాడికి రాని విషయం మ్యాథ్స్ కాదు, ఇంగ్లీషు వాక్యాన్ని విప్పుకోవడం. రెండు నెలలుగా నేను వాడికి ఇచ్చిన ఏ ఒక్క లెక్కా నన్ను ‘కాదు’ అనగలిగేది కాదు. ఇంగ్లీషులో లేని లెక్క ఒక్కటి ఇచ్చి ఉంటే మొదటి వారంలోనే తెలిసేది.

వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ట్యూషన్ ఫీజు సంగతి కూడా ఎత్తలేదు. ‘వాడు తనకి లెక్కలు రావని అనుకుంటున్నాడు మేడమ్, ఆ మాట కొంచెం మీరే వాడికి చెప్పండి’ అన్నారు. చెప్పాను. ఒక్కసారి చెప్తే పోయేది కాదని కూడా తెలిసింది. ఇప్పటికీ అప్పుడప్పుడు చెప్తూనే ఉన్నాను.

అప్పటి నుంచి నేను మానుకోవడానికి ప్రయత్నిస్తున్న మాట ఒకటుంది: ‘అర్థమైందా?’ నలభై గొంతులు ‘ఎస్ మేడమ్’ అంటాయి. అర్థమైనా అదే జవాబు, అర్థం కాకపోయినా అదే జవాబు. రెట్టింపు సంఖ్యల లాంటిదే ఈ ప్రశ్న. మీరు రాత్రి ఇంటికొచ్చి ‘హోంవర్క్ అయిందా? అన్నీ వచ్చా?’ అని అడిగేది కూడా అలాంటిదే. దాని బదులు మధ్యలో ఒక లెక్క మీద వేలు పెట్టి, ‘ఇక్కడ 3 బదులు 0 ఉంటే ఏమవుతుంది?’ అనండి. ‘ఇందులో ఏ స్టెప్ తీసేస్తే జవాబు మారదు?’ అనండి. సోషల్ అయితే ‘ఈ నది పడమటి వైపు పారి ఉంటే ఈ డెల్టా ఎక్కడ ఉండేది?’ అనండి. జవాబు మీకు తెలియకపోయినా పర్వాలేదు. పిల్లల ముఖం చూస్తే మీకే తెలిసిపోతుంది, ఎంతవరకు ఎక్కిందో.

ఇక ఇంట్లో ఈ ఆట ఆడాలంటే ఫోన్ కూడా అవసరం లేదు. రూల్ దాచే పని పిల్లలకి ఇవ్వండి, మీరు కనిపెట్టండి. వాళ్లకి అందులోనే ఎక్కువ సరదా. ‘మూడింటి మొత్తం సరిసంఖ్య కావాలి’, ‘కనీసం ఒకటి 5 తో భాగింపబడాలి’, ‘మూడూ వేర్వేరుగా ఉంటే చాలు’, ఇలాంటి రూల్స్ బాగుంటాయి. మరీ కష్టమైనవి పెడితే ఆట చచ్చిపోతుంది, ఇది మా క్లాసులో అనుభవం మీద తెలిసింది. రూల్ ముందే కాగితం మీద రాసి మడత పెట్టాలి, లేకపోతే మధ్యలో మారిపోతుంది! ప్రతిసారీ సంఖ్యలు చెప్పేముందు, దీనికి ఎస్ వస్తుందనుకుంటున్నారో నో వస్తుందనుకుంటున్నారో పక్కన రాసుకోండి. వరసగా మూడుసార్లు ‘ఎస్ వస్తుంది’ అనే రాసుకుని ఉంటే, నాలుగోసారి నో వస్తుందనుకునేది అడగాలి అని ఇంటి రూల్ పెట్టుకోండి. చిన్న క్లాసుల పిల్లలకి సంఖ్యల బదులు వస్తువులు వాడొచ్చు. ‘నా బుట్టలో వంకాయ పడుతుంది, బీరకాయ పడుతుంది, ఇంకేం పడతాయి?’ అంటే వాళ్లు కూరగాయలన్నీ చెప్పుకుంటూ పోతారు. చెప్పు కూడా పడుతుందా అని అడిగే పిల్లని కాస్త మెచ్చుకోండి.

అమ్మానాన్నలు కావాలని ఓడిపోవద్దు. పిల్లలకి అది వెంటనే తెలిసిపోతుంది. నిజంగా ఆడితే ఎలాగూ ఓడిపోతారు.

నా సంగతే చూడండి. పోయిన గురువారం రఫ్ బుక్ అమ్మాయి నా కోసం ఒక రూల్ దాచింది. మొదటి ఉదాహరణ 3, 6, 9 ఇచ్చింది. నేను తెలివిగా ఆడుతున్నాననుకుని 9, 6, 3 అన్నాను. ఎస్. 1, 1, 1 అన్నాను. ఎస్. 7, 2, 50. ఎస్. -4, 0, 8. ఎస్. ఒకటిన్నర, రెండున్నర, మూడు పావు అన్నాను, దానికీ ఎస్. నో తెప్పించడానికి నేను చేయని ప్రయత్నం లేదనిపించింది. ‘ఏ మూడు సంఖ్యలైనా సరే, అదే నీ రూల్’ అన్నాను. ఆ అమ్మాయి మడత విప్పి చూపించింది: ‘మూడూ 1000 కంటే చిన్నవి.’ నాలుగంకెల సంఖ్య ఒక్కటైనా అడగాలని నాకు తోచనే లేదు. క్లాసంతా నవ్వింది. వచ్చే గురువారం మళ్లీ నా వంతే.